చెంగప్ప ఐసు గంట

కాణిపాకంలో ప్రమాణం చేయమన్నా చేస్తాను... ఇది నిజంగా జరిగింది. నవ్వేవాళ్లు నవ్వుకోండి. పగటిపూట నేనూ నవ్వుతాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మదనపల్లెలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేసేవాణ్ణి. మా డాక్టరమ్మ పేగు క్యాన్సర్ రోగుల మీద పరిశోధన చేస్తుండేది. కణాలు ఒకదానికొకటి అతుక్కోవడానికి పనికొచ్చే పదార్థాలు వాళ్ల రక్తంలో ఎంత ఉన్నాయి, ఆపరేషన్ తర్వాత తగ్గుతాయా... అదీ సంగతి. పరీక్ష చేసేది కుప్పంలో. చలికి గడ్డకట్టించిన రక్తాన్ని ఐసుపెట్టెలో మోసుకెళ్లడం నా పని.

ఆ రోజు పెట్టెలో ఉన్నది చెంగప్ప రక్తం. పుంగనూరులో పుల్ల ఐసు అమ్మేవాడు. ఆపరేషన్‌కు ముందు తీసింది. ఆపరేషన్ అయిపోయింది కాబట్టి మళ్లీ తీద్దామన్నా దొరకదు. కరిగిందా, ఇక అంతే.

"నా నెత్తురప్పా అది... కరగనీయాక," అన్నాడు నేను బయల్దేరేముందు, వార్డులో మంచం మీదనుంచే. "నాకు కాకపోయినా ఇంకొకడికన్నా పనికొస్తాది."

రాత్రి బస్సులో పుంగనూరు దాటాం. గంగవరం ఇంకా రాలేదు. గడగడమని బస్సు ఆగిపోయింది. చిమ్మచీకటి. డ్రైవర్ బస్సు కిందికి దూరాడు. ఎంతసేపటికీ బయటికి రాడే! పెట్టె మూత తీసి చూశాను... నీళ్లు. అడుగున చిన్న చిన్న ఐసు ముక్కలు. చెంగప్పకు ఏ ముఖం చూపించను? పెట్టె ఒళ్లో పెట్టుకుని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను.

అప్పుడు వినిపించింది...

గణ... గణ... గణ...

ఐసు బండి గంట! అర్ధరాత్రి, నరమానవుడు లేని రోడ్డు మీద! దగ్గరికొచ్చింది... ఇంకా దగ్గరికి... నా కిటికీ కిందే ఆగింది. మెడ మీద చల్లటి గాలి. తల తిప్పలేకపోయాను. దాచడమెందుకు, కళ్లు గట్టిగా మూసుకున్నాను. ఒళ్లో పెట్టె... మెల్లగా... బరువెక్కింది.

గంట దూరమైపోయింది.

"అన్నా, గంట ఇనిపించిందా?" అని డ్రైవర్‌ను కేకేశాను.

"నా సెవుల్లో ఇంజినే మోగతాండాది. ఈడ గంటేందప్పా? నిద్దర్లో ఉండావా?"

బస్సు బాగై కుప్పం చేరాక మూత తీస్తే పెట్టె నిండా ఐసు! వేలితో అద్ది నాలుకకు రాసుకున్నాను. ల్యాబువాడు చేయకూడని పని, అయినా చేశాను. ఉప్పగా ఉంది. చల్లదనం నిలవడానికి ఐసులో ఉప్పు వేసేది పుల్ల ఐసువాళ్లు. నేను వేయలేదు. రక్తం మాత్రం రాయిలా గడ్డకట్టే ఉంది.

మర్నాడు వార్డుకు పరిగెత్తాను. చెంగప్ప గొట్టాలతో మంచం మీదే ఉన్నాడు. రాత్రంతా పక్కకైనా తిరగలేదని నర్సమ్మ చెప్పింది. నన్ను చూసి బోసినోటితో నవ్వాడు.

"ఐసు సాలిందాప్పా?"

మామూలుగానే అడిగాడేమో... ఏమో!

కొన్నాళ్లకు కోలుకుని మళ్లీ బండి పట్టాడు. ఎంత సంతోషమేసిందో! పుంగనూరు వెళ్లినప్పుడల్లా అడుగుతాను, "ఆ రేతిరి వచ్చింది నువ్వేనా, చెంగప్పా?" అని.

గంట ఒకసారి కొట్టి, నా చేతిలో ఐసు పెడతాడు.

"ముందు తినప్పా... కరిగిపోతాది."