చెరువు సెట్టింగు

మా ఆయనకి చెవుడు వచ్చిందని ఊళ్లో అందరికంటే ఆఖర్న ఒప్పుకున్నది మా ఆయనే. "నాకు శుభ్రంగా వినపడుతుంది, మీరే నోట్లో గొణుక్కుంటున్నారు" అనేవారు. పదేళ్లు అదే పాట. ఆ పదేళ్లలో నా గొంతు ఎలా తయారైందంటే, వంటింట్లోంచి "అన్నానికి రండి" అని నేను కేకేస్తే మూడో ఇంటావిడ "మాది అయిపోయిందండీ" అని జవాబు చెప్పేది. వేళాకోళానికి అనడం లేదు, నిజంగా చెప్పేది.

అరిచి చెప్పడంలో ఒక చిక్కుంది. అరవదగ్గ మాటలే మిగులుతాయి. అన్నానికి రండి, బీపీ బిళ్ల వేసుకోండి, గేటు వేసి రండి. "ఇవాళ ఎందుకో మనసేం బాగాలేదండీ" అని అరవలేం కదా. "ఏం లేదు, ఊరికే పిలిచాను" అని అసలే అరవలేం. అలాంటి మాటలు ఒక్కొక్కటే మానేశాను. ఎప్పుడు మానేశానో నాకే గుర్తులేదు.

మాది భీమవరం పక్క ఊరు. చుట్టుపక్కల చేలన్నీ చెరువులైనప్పుడు మేమూ తవ్వించాం. మా ఆయనా మా మరిదీ కలిసి చేసే రొయ్యల చెరువు, దానిమీద ఎనిమిది ఏరేటర్లు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ఏరేటరంటే మోటారుతో తిరిగే చక్రాలు. నీళ్లని చిలికి గాలి కలుపుతాయి. మబ్బు పట్టిన రోజున అవి ఆగిపోయాయంటే నీళ్లలో గాలి చాలక రొయ్య పైకి తేలిపోతుంది, గంటా రెండు గంటల్లో పంట మొత్తం పోతుంది. అందుకని మా వైపు మగాళ్లు చెరువుని కళ్లతో కంటే చెవులతో ఎక్కువ కాస్తారు. పేపరు చదువుతున్నా, పెళ్లిసంబంధాలు మాట్లాడుతున్నా, కునుకు తీస్తున్నా ఒక చెవి అటే ఉంటుంది. హోరు వస్తోందంటే అంతా బాగున్నట్టు లెక్క.

మా ఆయన చెరువుకి వెళ్లేటప్పుడు కాలవ వంతెన మీద బండి ఆపి, ఇంజను కట్టేసి, ఒక్క నిమిషం వినేవారు. అక్కణ్ణుంచి చెరువు కనపడదు, కొబ్బరిచెట్లు అడ్డం. హోరు వినపడితే తలాడించి బండి తీసేవారు. పాతికేళ్ల అలవాటు. ఆ హోరే ఆయన చెవులు తినేసిందని నా అనుమానం. డాక్టరు గారు మాత్రం వయసు కూడా కలిసిందన్నారు.

నిరుటి పంట పోయింది అలాగే. మబ్బుగా ఉన్న మధ్యాహ్నం, ఆయన షెడ్డులో కుర్చీ వేసుక్కూర్చుని ఉన్నారు. ఫ్యూజు కొట్టేసి ఎనిమిదింట్లో ఐదు ఆగిపోయాయి. ఆయన చెవుల్లో ఎప్పుడూ ఒక రొద ఉంటుంది, చెవుడు వచ్చినవాళ్లకి ఉంటుందట. ఆ రొదనే ఏరేటర్ల హోరనుకుని నిశ్చింతగా కూర్చున్నారు. లేచి చూసేసరికి నీళ్ల మీద తెల్లగా రొయ్య.

ఆ తరవాతే మా మరిది నన్ను పక్కకి పిలిచాడు. "వదినా, ఇంకొక్క పంట చూద్దాం. అది అయ్యాక చెరువు లీజుకిచ్చేద్దాం. అన్నయ్యని ఇంటిపట్టున ఉంచండి" అన్నాడు. తప్పు పట్టడానికి లేదు, అతనూ నష్టపోయాడు. కానీ చెరువు లేకుండా మా ఆయన ఇంట్లో ఎలా ఉంటారు? పండక్కి రెండు రోజులు ఇంట్లో ఉంటేనే సంచిలో పెట్టిన కోడిలా కొట్టుకునే మనిషి. ఈ లీజు కబురు కూడా ఆయనకి నేనే అరిచి చెప్పాల్సొచ్చింది. వీధి వీధంతా తెలిసిపోయింది. తెల్లారి ఆయనే చొక్కా వేసుకుని వచ్చి, "ఆ చెవి మిషనేదో చూపించు పద" అన్నారు.

భీమవరంలో ఆ మిషన్లు పెట్టే చోట ఒక అమ్మాయి ఉంది, మా పెద్దమ్మాయి వయసుంటుందేమో. మా ఆయన చెవిలో మెత్తటి పిండిలాంటిది పెట్టి అచ్చు తీసింది. వారానికి ఆ అచ్చుకి సరిగ్గా సరిపోయే బుడిపె, దానికి తగిలించిన చిక్కుడుగింజంత మిషను వచ్చాయి. రెండు చెవులకీ పెట్టి, కంప్యూటర్లో ఏదో నొక్కింది.

మా ఆయన ఉలిక్కిపడి నా వైపు తిరిగారు. "ఏంటా చప్పుడు?"

"ఏ చప్పుడండీ?" నేను చెయ్యి కదిపాను.

"అదిగో, అదే."

"నా గాజులండీ."

"ఎప్పట్నుంచి?"

"పెళ్లప్పట్నుంచి" అన్నాను. ఆ అమ్మాయి అటు తిరిగి నవ్వుకుంది. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి, చెప్పుకోడానికి సిగ్గేంటి.

ఆ రోజంతా ఇల్లు ఇల్లులా లేదు. చెవుల్లో రొద కూడా అణిగిందన్నారు. పోపు చిటపటలాడితే "వర్షమా?" అన్నారు. దొడ్లో ఉడత అరుస్తుంటే తలుపు తీసుకుని వెళ్లి నిలబడ్డారు. సాయంత్రం నేను వంటింట్లో కూర కలుపుతూ, పదేళ్ల అలవాటు కొద్దీ, "ముసలాయనకి సోకులు ఎక్కువయ్యాయి" అని నాలో నేను గొణుక్కున్నాను. హాల్లోంచి "ఎవరే ముసలాయన?" అని వినపడింది. బాబోయ్! గరిటె జారిపోయింది. చిక్కుడుగింజంత లేదు, నా గొణుగుడుని గోడ దాటించి ఆయన చెవిలో వేసింది.

మర్నాడు పొద్దున్న సన్నగా జల్లు, ఆకాశమంతా మబ్బు. ఏరేటర్లు అప్పటికే వేసి ఉన్నాయి. మిషన్లు పెట్టుకుని చెరువుకి బయల్దేరుతూ "నువ్వూ రా" అన్నారు. బండెక్కాను. వంతెన మీద మామూలుగా ఆపారు. ఇంజను కట్టేశారు. నాకు హోరు చక్కగా వినపడుతోంది. ఆయన మొహం చూస్తే పాలిపోయింది.

"ఆగిపోయాయే!" అన్నారు. "ఒక్కటి కూడా లేదు!"

"తిరుగుతున్నాయండీ" అనేలోపే బండి అక్కడే వదిలేసి పరుగు. అరవై రెండేళ్ల మనిషి, బురదలో, చెప్పులు చెరోచోటా. నేను చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వెనకే. షెడ్డు మాకు గట్టు కిందే ఉంటుంది, చెరువు చూడాలంటే గట్టెక్కాలి. ఆయన గట్టెక్కలేదు. సరాసరి షెడ్డులో దూరి, కరెంటు నుంచి జనరేటరుకి మార్చే పెద్ద మీటని ఒక్క గుంజు గుంజారు.

అప్పటిదాకా హాయిగా తిరుగుతున్న ఎనిమిదీ అప్పుడు ఆగాయి. ఆ నిశ్శబ్దం నాకు బయటికే వినపడింది. ఆయన జనరేటరు మీద వంగి మీట నొక్కుతున్నారు, అది బ్యాటరీ దిగిపోయి మూలుగుతోంది. నేను లోపలికి దూరి, ఆయన్ని నెట్టేసి, పెద్ద మీట మళ్లీ కరెంటు వైపు తోశాను. స్టార్టర్లు ఒక్కొక్కటే నొక్కాను. ఎనిమిదోది కూడా అందుకున్నాక గోడకి ఆనుకుని ఊపిరి తీసుకున్నాను.

ఆయన గట్టు మీదకి వెళ్లి నిలబడ్డారు. ఎదురుగా చక్రాలు తిరుగుతున్నాయి, నీళ్లు మనిషెత్తున ఎగురుతున్నాయి, ఆయన చెవులకి మాత్రం ఏమీ లేదు. మిషన్లు తీశారు, హోరు. పెట్టుకున్నారు, లేదు. మళ్లీ తీశారు. అంత భయం ఆయన మొహంలో నేనెప్పుడూ చూడలేదు. ఈలోపు మా మరిది వచ్చాడు. జరిగింది నేనే చెప్పాను. అతను నవ్వలేదు, నవ్వినా బాగుండేది. "ఇంక ఈ పంటతో సరి వదినా" అన్నాడు. మా ఆయన మిషన్లు రెండూ రుమాల్లో మూటగట్టి నా చేతిలో పెట్టి, తమ్ముడి వైపు చూసి, సరేనని తలూపారు. తలూపడం చూసి నాకు కడుపు రగిలిపోయింది.

ఎవరి మీద? ఇంకెవరి మీద, ఆ అమ్మాయి మీద. చెరువు హోరు నా ఫోన్లో రికార్డు చేసుకున్నాను, సాక్ష్యం ఉండాలిగా. రుమాలు మూట పట్టుకుని బస్సెక్కాను. దారి పొడుగునా ఏమేం తిట్టాలో వరస పెట్టుకున్నాను. వెళ్లి సగం తిట్టాను కూడా. ఆ అమ్మాయి కుర్చీ చూపించి, "ఆ రికార్డింగు ఒకసారి వినిపించండి ఆంటీ" అంది. రెండుసార్లు విని తల కొట్టుకుంది.

"తప్పు నాదేనండీ, ఏం పని చేస్తారని అడగలేదు. బుడిపె చెవిని మూసేస్తుంది, ఇక మిషను పంపిందే లోపలికి వెళ్తుంది. ఒకేలా ఆగకుండా వచ్చే మోత ఏదైనా పనికిరానిదని అది తగ్గించేస్తుంది. ఫ్యాను, బస్సు ఇంజను, ఇలాంటివి. మనిషి మాటనేమో ముందుకు తెస్తుంది. మీ ఏరేటర్లని ఫ్యాననుకుంది ఆంటీ."

తిట్టాల్సిన మిగతా సగం ఎటు పోయిందో తెలియదు. నోరెళ్లబెట్టి ఆ రుమాల్లోకి చూస్తూ కూర్చున్నాను. దీనికి ఏది మాటో ఏది మోతో తెలుసట! నేను పిలిస్తే, నా మాట ఆయనకి చేరాలని ఇది చెరువుని పక్కకి నెట్టేసిందన్నమాట. ఇన్నేళ్ల కాపరంలో ఆ పని నావల్ల కాలేదు. దణ్ణం పెట్టాలనిపించింది, ఆ అమ్మాయికో మిషనుకో తేల్చుకోలేకపోయాను.

ఆ అమ్మాయి నా రికార్డింగు పెట్టుకుని గంట సేపు కూర్చుంది. మిషను వెనక బొడిపెలాంటి బటనుకి రెండు సెట్టింగులు పెట్టింది. ఒక్కసారి టిక్కుమంటే ఇల్లు. రెండుసార్లు టిక్కుమంటే చెరువు. "చెరువులో పెడితే హోరంతా ఉన్నదున్నట్టు వినపడుతుంది. కానీ ఆ హోరులో మనుషుల మాట తెలియదు ఆంటీ. ఏదో ఒకటే" అంది.

మా ఆయన పెట్టుకోనన్నారు. బతిమాలాను, కోప్పడ్డాను, చివరికి మీరు పెట్టుకునేదాకా నేను అన్నం తిననని మొండికేశాను. రెండో పూటకి దిగొచ్చారు. వంతెన మీద బటను నొక్కి, కళ్లు మూసుకుని నిలబడ్డారు. తలాడించారు. గట్టు మీదకి వెళ్లాక ఇంకాసేపు నిలబడి, అక్కడే ఉన్న మా మరిదితో, "మూడోది సణుగుతోందిరా" అన్నారు.

"బాగానే తిరుగుతోందిగా అన్నయ్యా."

ఆయనకి ఆ మాట వినపడలేదు. "మూడోది" అన్నారు మళ్లీ. నాకూ ఏమీ తెలియలేదు, ఎనిమిదీ కలిసి ఒకటే హోరు. మా మరిది ఆయన తృప్తి కోసం మూడోదాన్ని ఆపి, గేరు పెట్టె విప్పించాడు. లోపల ఆయిలు లేదు, నీళ్లు దిగి ఉన్నాయి. ఇంకో రెండు రోజులుంటే పట్టేసేదే. మా మరిది ఆ పెట్టె వంకా, అన్నగారి చెవుల వంకా మార్చిమార్చి చూశాడు. పాతికేళ్ల వినికిడి ఎక్కడికీ పోలేదు, అంతా లోపలే ఉంది! ఎనిమిదింటిలో ఒకదాని గొంతు వేరు చేసి పట్టుకున్న ఆ మనిషితో ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నానా అని ఆశ్చర్యంగా చూస్తుండిపోయాను.

లీజు మాట మళ్లీ రాలేదు. పది రోజులకి మా మరిది ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ, "వచ్చే పంటకి రొయ్యపిల్ల చెప్పేసి వచ్చాను అన్నయ్యా" అన్నాడు. మామూలు గొంతుతోనే అన్నాడు. మా ఆయన మామూలుగానే విన్నారు.

ఆ తరవాత ఒక మధ్యాహ్నం నేను చెరువుకి వెళ్లాను. ఆయన అన్నం తినే వెళ్లారు, క్యారేజీ ఇవ్వాల్సిన పని లేదు. చేతిలో ఏమీ లేకుండా వెళ్లాను. మళ్లీ మబ్బే. ఎనిమిదీ తిరుగుతున్నాయి. ఆయన గట్టు మీద చెరువు వైపు తిరిగి కూర్చున్నారు. నేను పక్కకి వచ్చి నిలబడేసరికి తలెత్తి చూశారు. ఆయన చెయ్యి చెవి వెనక్కి వెళ్లింది.

బటను నొక్కేశారు. నాకు కంగారు పుట్టింది. ఈ హోరు చెవుల్లోంచి పోయినందుకే కదా ఆ రోజు చెప్పులు కూడా వదిలేసి పరిగెత్తింది.

"అయ్యో, చెరువండీ!" అన్నాను.

"నువ్వు వింటున్నావుగా, కాసేపు నువ్వు చూసుకో" అని నాకు చోటిస్తూ జరిగారు. "చెప్పు, ఏంటి?"

పక్కన కూర్చున్నాను. ఒక చెవి ఏరేటర్ల మీదే ఉంచాను, మాటిచ్చినట్టే కదా. పదేళ్లుగా వాడని గొంతు, వస్తుందో రాదో అనుకున్నాను.

"ఏం లేదండీ. ఊరికే వచ్చాను" అన్నాను మెల్లగా.

"ఆఁ" అన్నారు. "వినపడింది."