మేడిసన్ సంతకానికి పసుపు కుంకుమ

నేను రిటైరవడానికి ముందటి ఏడాది, దసరా వెళ్ళిన వారంలో, మా ల్యాబ్‌కు ఒక భూమి పట్టా వచ్చింది. వర్జీనియాలో పాత పత్రాలకు మరమ్మతు చేసే ప్రైవేటు ల్యాబ్ అది. నేను అక్కడ సీనియర్ కన్జర్వేటర్‌ని. పత్రాన్ని శుభ్రం చేయడం, చిరుగులు అతకడం, ఇంకా పాడవకుండా ఆపడం మా పని. ఆ పట్టా కింద అమెరికా నాలుగో అధ్యక్షుడు జేమ్స్ మేడిసన్ సంతకం ఉంది. పై మూలన పసుపు బొట్టు, దాని మధ్య కుంకుమ ఉన్నాయి.

తెచ్చినవాడు శ్రీకాంత్. ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్ మేనేజరు. అతనూ, భార్య లలితా మాకు తెలిసినవాళ్ళే. "ఆంటీ, ఆక్షన్‌లో బిడ్ చేసి గెలిచాను. దసరా రోజు లలిత కార్‌కి, లాప్‌టాప్‌లకి పెట్టినట్టే దీనికీ బొట్టు పెట్టేసింది. మీరే ఎలాగైనా సేవ్ చేయాలి" అన్నాడు. బిడ్ వేసింది ఆఫీసు మీటింగులో కూర్చుని, ఫోన్లోనట. అది కూడా గొప్పగా చెప్పాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. బొట్టు చూసి మండలేదు, గెలిచానన్న ఆ మాటకు మండింది. తొలినాటి అధ్యక్షులు భూమి పట్టాల మీద స్వయంగా సంతకం చేసేవారు. తరవాతి కాలంలో వాళ్ళ పేరు గుమాస్తాలు రాయడం మొదలుపెట్టారు. అందుకే సేకరించేవాళ్ళు తొలి సంతకాల కోసం పడిచస్తారు. మొదటి ఐదుగురి సంతకాలూ నా బల్ల మీదికి వచ్చాయి, వెళ్ళాయి. నా దగ్గర మాత్రం ఒక్కటీ లేదు. మరమ్మతు చేసేవాళ్ళు ఆ రకం వస్తువులను సొంతానికి సేకరించకూడదని మా ల్యాబ్ నియమం. రిటైరైతే ఆ నియమం వర్తించదు. మొదట కొనేది మేడిసన్‌నే అని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. ఆ చిన్న, కుదురైన అక్షరమంటే నాకు పిచ్చి. మొన్నమొన్నటిదాకా స్పోర్ట్స్ షూలు పోగేసుకున్న కుర్రాడు దాన్ని నాకంటే ముందు ఎగరేసుకుపోయాడు.

పరీక్ష మొదలుపెట్టాను. మా రిపోర్టులో మొదటి గడి, రాత దేని మీద ఉందన్నది. మైక్రోస్కోపు కింద వెంట్రుకల కుదుళ్ళ చుక్కలు స్పష్టంగా కనిపించాయి. అది కాగితం కాదు, పార్చ్‌మెంటు. అంటే శుద్ధి చేసి ఆరబెట్టిన గొర్రె తోలు. ఆ కాలపు పట్టాలు చాలావరకు అలాంటి తోలు మీదే రాశారు. శ్రీకాంత్ మాత్రం అది మందపాటి కాగితం అనుకున్నాడు.

లలిత వంటింట్లోకి కోడిగుడ్డును కూడా రానివ్వదు. పట్టా ఉంచుకున్నది ఆమె పూజగదిలో, లక్ష్మీదేవి పటం పక్కన. అది తోలు అని తెలిస్తే గంటసేపు కూడా ఇంట్లో ఉంచదని, శ్రీకాంత్ అమ్ముకోక తప్పదని, అమ్మకం తేలేసరికి నేను రిటైరై ఉంటానని లెక్క వేసుకున్నాను. నేను అబద్ధమాడనక్కర్లేదు, నా డ్యూటీ చేస్తే చాలు. ఆ గడిని అంత ఇష్టంగా ఎప్పుడూ నింపలేదు.

మరమ్మతు మామూలుగానే చేశాను. పార్చ్‌మెంటుకు నీళ్ళు పడవు, ముడుచుకుపోతుంది. ఎండిన పసుపును మెత్తని బ్రష్షుతో, రేణువు రేణువుగా ఎత్తాను. ఆల్కహాలులో ముంచిన దూదిని ఒక అంచున ఆనించి చూస్తే కుంకుమ రంగు పాకబోయింది. అక్కడితో ఆపేశాను. లేత నారింజ రంగు మచ్చ ఒకటి మిగిలింది. అదీ రిపోర్టులో రాశాను.

తీసుకోవడానికి భార్యాభర్తలిద్దరూ వచ్చారు. నియమం ప్రకారం రిపోర్టు చదివి వినిపించాను. మొదటి గడి దగ్గరే శ్రీకాంత్ ముఖం పాలిపోయింది. భార్య వంక చూడలేదు.

"అంటే గొర్రె తోలా ఆంటీ?" అంది లలిత.

"అవునమ్మా" అన్నాను. ఇంట్లో ఉంచుకోవడం ఇబ్బందైతే నాకు చెప్పండి అనే మాట నాలుక చివర సిద్ధంగా ఉంది.

ఆమె పట్టా మీదికి వంగి చూసింది. "మా పాప మృదంగం కూడా తోలే కదండీ. మొన్న దానికీ బొట్టు పెట్టాను. సరస్వతీదేవి ముందు పెట్టే పూజ చేశాం" అంది. భర్త వైపు తిరిగి, "బాక్స్ కార్‌లో జాగ్రత్తగా పెట్టండి, ఎండ తగలనివ్వకండి" అని చెప్పింది.

సిద్ధం చేసుకున్న మాట ఇక అనవసరమైంది. ఇకమీదట ఫ్రేము కట్టించి, బొట్టు అద్దం మీద పెట్టుకొమ్మని చెప్పాను. వృత్తిపరంగా ఇవ్వాల్సిన సలహా అది. పళ్ళు నూరుకుంటూ ఇచ్చాను.

రిటైరయ్యాక కూడా నాకు మేడిసన్ దొరకలేదు. దసరాకు వాళ్ళు పిలుస్తారు, వెళ్తాను. అద్దం మీద తాజా బొట్టు, దాని వెనక నేను తీయలేకపోయిన మచ్చ. "దీన్ని బాగుచేసింది ఈ ఆంటీయే" అని లలిత అందరికీ చూపిస్తుంది. నేను నవ్వుతాను. ఈర్ష్య మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే.

వస్తువు దేనితో తయారైందో మైక్రోస్కోపు చెబుతుంది, దాన్ని ఎవరు వదులుకుంటారో చెప్పదు. ఆ గడి మా రిపోర్టులో లేదు. నా అంతట నేను గీసుకుని నింపాను, తప్పు పడింది.