ఎవరి పిలుపు వాళ్ళకే

కాలేజీలో నెట్ కావాలంటే ప్రాక్సీ, అంటే మధ్యవర్తి కంప్యూటర్, అడ్రస్ ఇవ్వాల్సిందే. నా చిన్న లినక్స్ కంప్యూటర్లో బ్రౌజర్‌కి ఇచ్చాను. పేజీలు వచ్చాయి కానీ సాఫ్ట్‌వేర్లు దిగలేదు. "ఆ లినక్స్ పీకేసి అందరిలా విండోస్ వేసుకో," అన్నారు ల్యాబ్ ఇన్‌ఛార్జిగారు. పీకనన్నాను.

ఆ సాయంత్రం నిడదవోలు ప్యాసింజర్లో ఎదుటి సీటావిడ మండిపడుతోంది. "మా చుట్టాలు బావగారింట్లో బొట్టు పెట్టి, పెళ్ళికి పిలిచి పోయారమ్మా. మేం వేరుపడి ఏళ్ళయింది. మాకు విడిగా చెప్పొద్దా? ఆ పెళ్ళివారి గడప తొక్కనంతే! నువ్వే చెప్పు, ఒకింటికి చెప్తే రెండో ఇంటికి చెప్పినట్టేనా?"

"కాదండి," అంటుండగానే నాకు వెలిగింది. నేనూ అడ్రస్ చెప్పి పిలిచింది బ్రౌజర్ ఒక్కదాన్నే.

మర్నాడు సాఫ్ట్‌వేర్లు దించే ప్రోగ్రాముకీ విడిగా ఆ అడ్రస్ ఇచ్చాను. వరసగా దిగసాగాయి. ఇన్‌ఛార్జిగారు తొంగిచూశారు.

"విండోస్ వేశావా?"

"లేదండి. బొట్టు పెట్టి పిలిచానండి."