చిన్నమ్మ చదివిన ఆరంకెలు

కోయంబత్తూరులో పోలీసులకు ఆన్‌లైన్ నేరాల దర్యాప్తు నేర్పే పని నాకెలా దక్కిందో నాకే తెలియదు. కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఎవరో సిఫారసు చేశారు, పన్నెండు రోజుల శిక్షణ అన్నారు, తలూపాను. పుట్టి బుద్ధెరిగి ఒక్క దొంగనూ పట్టనివాడు ఇరవై మంది పోలీసులకు దొంగల్ని పట్టడం నేర్పాలి! సిగ్గుపడాల్సింది పోయి, చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్ళాను.

మొదటిరోజే నా గర్వం రెట్టింపైంది. ఫోన్లో వచ్చిన బెదిరింపు మెసేజీని సాక్ష్యంగా ఎలా భద్రపరుస్తారని అడిగితే, ఒకాయన ఫోనును జెరాక్స్ మిషన్ మీద బోర్లించి కాపీ తీస్తామన్నాడు. ఇంకొకాయన గుడ్డలో చుట్టి లక్కముద్ర వేస్తామన్నాడు. లోపల ఫోన్ మోగితేనో అన్నాను. మోగనీ సార్, సీలు విప్పాలంటే కోర్టు చెప్పాలి అన్నాడు.

వాళ్ళలో యాభై దాటిన హెడ్ కానిస్టేబుల్ ఒకావిడ ఉండేది. కారమడై గుడి తేరు మొదలు మంత్రిగారి కారు దాకా ఏది కదిలినా రోడ్డు పక్కన నిలబడి నిలబడి కుడి మోకాలు అరిగిపోయింది. చివరి పరీక్ష గట్టెక్కితే సైబర్ స్టేషన్లో కుర్చీ, తప్పితే మళ్ళీ బందోబస్తు. "కుర్చీ కోసమే సార్ ఈ చదువు" అని తమిళంలో దాపరికం లేకుండా చెప్పింది. చదవడమూ అందరికన్నా బాగా చదివింది.

ఐదోరోజు టీ వేళ ఆమె వరండాలో ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. అచ్చం, తరాల కిందటే ఈ తమిళ సీమకు వచ్చి స్థిరపడిన మా ఇళ్ళలో మాట్లాడే తెలుగు. కొడుక్కి వచ్చిన సంబంధం గురించి. "వాళ్ళదీ మన ఇంటిపేరే అంట. పంగాళీలు అయితే ఎట్ట కుదురుతాది? వద్దని చెప్పేయి" అంటూ ఆ ఇంటిపేరు పలికింది. నాకు పొలమారింది. అది మా ఇంటిపేరు. మాలో ఇంటిపేరు కలిస్తే పంగాళీలు, అంటే అన్నదమ్ముల వరస. ఆ లెక్కన ఆమె భర్త నాకు చిన్నాయన, ఆమె చిన్నమ్మ. అక్కడే పలకరించి ఉండాల్సింది. పాఠం చెప్పే సారుకు హెడ్ కానిస్టేబుల్ చిన్నమ్మేమిటని నామోషీ! "మేడం, క్లాసుకు టైమైంది" అన్నాను, తమిళంలో.

చివరి పరీక్ష నా బుర్రలో పుట్టిందే. ఒక్కొక్కరి ఫోనుకూ ఆరంకెల కోడ్ వస్తుంది. నేను కొత్త నంబరు నుంచి మోసగాడిలా మాట్లాడతాను. ఏం మాయ చేసినా ఆ కోడ్ చెప్పకూడదు. నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, బ్యాంకు ఆఫీసరునంటూ ఆమెకు ఫోన్ చేశాను. "ఫోన్ పెట్టరా!" అని తమిళంలో గద్దించి పెట్టేసింది. కొరియర్ వాణ్ణంటే, ఎక్కడున్నావో చెప్పు, జీపు పంపిస్తానంది. శిష్యురాలు గెలుస్తుంటే గురువు సంతోషించాలి కదా, నాకు ఒళ్ళు మండింది.

మూడోసారి మా అమ్మతో మాట్లాడే తెలుగు తీశాను. "చిన్నమ్మా, బాగుండావా? ఉడుమలైపేట నించి మాట్లాడతా ఉండా. మన ఇంటిపేరోళ్ళంతా చేరి కులదేవుడికి పొంగలి పెడతా ఉండారు. పేర్లు రాస్తా ఉండాము."

గొంతు మెత్తబడింది. అయినా పోలీసు పోలీసే, దర్యాప్తు మొదలుపెట్టింది. "ఎవురి కొడుకువు కన్నూ? మీ తాతది యా ఊరు? గుడి ఎక్కడ ఉండాది?" తాత నిజం, ఊరు నిజం, గుడి నిజం. అడగాల్సినవన్నీ అడిగింది పాపం, ఒక్క అబద్ధమూ దొరకలేదు. "నీ ఫోనుకు ఒక నంబరు వచ్చుండాది, చదువు చిన్నమ్మా. చదివితేనే మీ పేర్లు ఎక్కుతాయి" అన్నాను. మావాళ్ళు అంకెలు తెలుగులో చదవరు, తమిళమో ఇంగ్లీషో. ఆమె నాకోసం తడుముకుంటూ ఆరింటినీ తెలుగులోనే చదివింది.

ఫలితాలు చెప్పేటప్పుడు ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత విసిరి, దాన్ని తమిళంలో విడమరిచి చెప్పాను కూడా. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది.

గది ఖాళీ అయ్యాక కుంటుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చింది. మార్కులు సర్దమంటుందనుకున్నాను. సర్దేద్దామనే పెన్ను తీశాను.

"మార్కు అట్టే ఉండనీ. ఆ తాత, ఆ గుడి, అంతా కట్టిన కతేనా?"

"లేదు. నిజమే."

"నేను ఆ ఇంటి కోడలినని ఎప్పుడు తెలిసె నీకు?"

"వారమైంది."

"ఇన్ని దినాలూ మేడమ్మే అన్నావు. దొంగవైనంక గదా నీకు నేను చిన్నమ్మనైతి" అంది.

ఆమె చెప్పినట్టే, తప్పిందని రాశాను.

తర్వాతి వారం స్కూటర్ మీద వెళ్తుంటే, మిట్టమధ్యాహ్నం నాలుగు రోడ్ల కూడలిలో, బరువంతా ఎడమకాలి మీద వేసి నిలబడి కనిపించింది. బండి ఆపి, నలుగురూ వినేట్టుగా, "చిన్నమ్మా!" అని పిలిచాను.

ఆమె దగ్గరికి వచ్చింది. "లైసెన్స్ చూపించండి సార్" అంది, తమిళంలో.