తాళం లోపటి సమ్మె

నా సర్వీసు మొత్తంల పైనుంచి ఒక్కటంటే ఒక్క మెప్పు కాయితం అచ్చింది. దాన్ని నిండు కౌన్సిల్ మీటింగుల లేచి నిలవడి, వద్దని వాపస్ పంపిచ్చుకున్న. పిచ్చిదానివా అని అడుగుతరు గద, జర నిమ్మళంగ ఇనుండ్రి. నవ్వస్తె నవ్వుండ్రి, నాకేం ఫికర్ లేదు.

గది తెలంగాణ ఉద్యమం మస్తు జోరుమీదున్న చలికాలం. మున్సిపల్ ఆఫీసుల నేను జూనియర్ అసిస్టెంట్‌ను, కొనుగోళ్ళ సీటు నాది. చీపురు కట్టలకెళ్ళి వీధిలైట్ల దాక ఏది గావాలన్నా మూడు దుకాణాల కొటేషన్లు తెప్పియ్యాలె, తక్కువ ఎవలేస్తె వాళ్ళకే ఆర్డరియ్యాలె, ఆఖరికి కౌన్సిల్‌ల పెట్టి మంజూరు చేయించాలె. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఈ మూడింట్ల ఏ ఊరి ఆఫీసో మాత్రం చెప్ప. మా ఆఫీసోళ్ళకు ఇప్పటికీ సిగ్గయితది.

గప్పుడే ఆఫీసు బిల్డింగు మెయిన్ దర్వాజకున్న కడ్డీల గేటు తాళం తుప్పువట్టి పోయింది. ఒక్క తాళమే గద అనుకునేరు, రూలంటే రూలు. జగిత్యాలకెళ్ళి ఒకటి, కోరుట్లకెళ్ళి ఒకటి, సిరిసిల్లకెళ్ళి ఒకటి, మూడు కొటేషన్లు తెప్పిచ్చిన. అందరికన్న తక్కువేసినాయినది నొక్కితే పడే తాళం. వేసేటప్పుడు చాబీతోని పనే లేదు, నొక్కితే టక్కున పడ్తది. మా సీనియర్ అసిస్టెంట్ రాజేశం సారు దాన్ని చేతిల వట్టుకొని అటు ఇటు తిప్పి సూసి, చాబీ రేకు లెక్క ఉన్నది వనజా, ఇంకోటి సూడరాదు అన్నడు. తక్కువది ఇడిచిపెట్టి ఎక్కువది తీసుకుంటె రేపు ఆడిట్‌ల జవాబు ఎవలు చెప్తరు సారూ అని నేను ఎదురు మాట్లాడిన. నా సీటు మీద నాకు గంత నమ్మకం.

వారం తిరగకముందే బంద్ పిలుపు అచ్చింది. ఆ దినం ఉద్యోగులందరు పని ఆపి, ఆఫీసుకు తాళమేసి, గేటు ముంగట టెంటుల కూసోవాలె. మా యూనియన్‌కు పెద్ద గూడ రాజేశం సారే. టెంటుల కూసున్నోళ్ళందరు సంతకాలు పెట్టేటందుకు ఒక రిజిస్టర్ తయారు చేసే పని నాకు అప్పజెప్పిండు. నేను ముందు రోజే కొత్త రిజిస్టర్ తెచ్చి నా టేబుల్ సొరుగుల పెట్టి మరిచిపోయిన. తెల్లారి అందరు టెంటు కింద కూసున్నంక యాదికొచ్చింది. హ్యాండ్‌బ్యాగు, ఫోను కుర్చీల పెట్టి లోపటికి ఉరికిన.

గేటు కాడ మా అటెండర్ యాకూబ్ భాయ్ ఉన్నడు. మంచి మనిషి, చెవు జర మందం. నేను పోయింది ఆయన సూడలే. నేను సొరుగు తెరుస్తున్న టైముకు బయిట నినాదాలు మొదలైనయి, గేటు గుంజిన సప్పుడైంది, ఎనుకనే టక్కుమన్నది.

ఉరికొచ్చి గేటు కడ్డీలు వట్టుకొని యాకూబ్ భాయ్ అని ఒర్రిన. బయిటోళ్ళు అది నినాదమనుకొని జై తెలంగాణ అని జవాబిచ్చిండ్రు. నేను మళ్ళ ఒర్రిన, వాళ్ళు ఇంకింత జోరుగ జై తెలంగాణ అన్నరు. నాలుగైదు సార్లు గట్లనే నడిచింది. ఆఖరికి రాజేశం సారు ఇటు మర్లి సూసి నెత్తి వట్టుకున్నడు.

యాకూబ్ భాయ్ మాఫ్ చెయ్యి బేటీ అనుకుంట ఉరికొచ్చి, చాబీ పెట్టి తిప్పిండు. సగం చాబీ తాళంల మిగిలింది, సగం ఆయన చేతిల మిగిలింది. రాయితోని కొట్టిండ్రు, రాడు పెట్టి గుంజిండ్రు. చాబీ విరిగినంత అల్కగ తాళం విరగలే. యాక్సా బ్లేడు తెచ్చి కోద్దామంటె ఇనుప సామాన్ దుకాణం బంద్, వెల్డింగాయిన బంద్. బంద్ చేయించిందే మేము, ఇప్పుడు మా కోసం తెరువుమని ఏ మొఖం పెట్టుకొని అడుగుతం? ఎనుక దర్వాజకు పాత ఫైళ్ళ బీరువాలు అడ్డం పెట్టి ఏండ్లయితంది. కిటికీలకన్నిటికీ కడ్డీలే.

ఇగ సాయంత్రం దాక ఇక్కడనే అని తేలినంక నిమ్మళమైన. కిటికీలకెళ్ళి చాయ్ అందిచ్చిండ్రు, రోడ్డు మీద వంటావార్పు చేసిన అన్నం అందిచ్చిండ్రు. ఊకె కూసునుడెందుకని నేను గూడ కిటికీ కాడ నిలవడి గొంతు పోయేదాక నినాదాలిచ్చిన. తర్వాత నా టేబుల్ కాడ రిజిస్టర్ ముంగటేసుకొని, స్కేలు వెట్టి, సంతకాల కోసం గీతలు కొట్టుకుంట కూసున్న.

గప్పుడే జీపు అచ్చింది. పైనుంచి వచ్చిన తనిఖీ ఆఫీసరు, ఏ ఆఫీసు తెరిచున్నదో ఏది మూసున్నదో రాసుకుంట తిరుగుతుండు. బిల్డింగు సుట్టు ఒక్కడే నడుసుకుంట నా కిటికీ కాడికొచ్చి ఆగిండు. ఏం చేస్తున్నవమ్మా అని అడిగిండు. గొంతు పోయింది గద, రిజిస్టర్‌కు గీతలు కొడుతున్న సార్ అని సన్నగ అన్న. పేరు, సీటు అడిగి రాసుకున్నడు. ఇగ నౌకరి పాయె అనుకున్న. ఆయన పోతుపోతు వెరీ గుడ్ అన్నడు. ఎందుకన్నడో నాకు సమజ్ గాలే.

పొద్దుగూకేటప్పటికి బంద్ అయిపోయి వెల్డింగాయిన వచ్చి తాళం కోసిండు. అందరు నవ్విండ్రు, నేను నవ్విన. ముచ్చట అక్కడికి ఒడిసిందనుకున్న.

కొన్ని దినాలకు కౌన్సిల్ మీటింగ్. బ్లీచింగ్ పౌడరు, మోరీలు తీసే పారలు, నా సీటు ఫైళ్ళన్ని మంజూరైనయి. నేను మూలకు కూసోని ఖుషీగ టిక్కులు పెట్టుకుంటున్న. ఆఖరికి మేనేజర్ సారు పైనుంచి అచ్చిన ఒక కాయితం తీసి చదివిండు. బంద్ నాడు అందరు పని ఆపినా, తాళమేసిన ఆఫీసుల గూడ వనజ అనే ఉద్యోగిని ఒక్కతే డ్యూటీ చేసిందట, ఆమెను సభల సన్మానించాల్నట. టేబుల్ మీద శాలువా గూడ తయారున్నది. కొనుగోళ్ళ సీటు నాదే అయినా దాని కొటేషన్ నాకు తెల్వకుంటనే తెచ్చిండ్రు.

గోడ పొంటి నిలవడ్డ మా వాళ్ళ మొఖాలు సూసిన. ఆ దినం జీతం అందరికీ కోసిండ్రు, నా ఒక్కదానికి కొయ్యలేదని గూడ గా కాయితంలనే ఉన్నది. నేను లోపట ఇరుక్కున్న సంగతి వాళ్ళకు ఎరికే. కని జీపాయినతోని నేనేం చెప్పిననో ఎవలికీ ఎరుక లేదు. యాకూబ్ భాయ్ తల వంచుకున్నడు. రాజేశం సారు నన్ను సూసిన సూపు ఇప్పటికీ యాదికున్నది. కోపం గాదు, అనుమానం. కోపమైతె ఓర్చుకుందును.

నోరు మూసుకుంటె శాలువా, మంచి రిమార్కు, రేపు ప్రమోషన్‌కు పనికొచ్చే కాయితం. నోరు తెరిస్తె నేను కొన్న తాళం బండారం నిండు సభల బయిట పడ్తది. చైర్‌పర్సన్ మేడం దిక్కు తిరిగి లేచి నిలవడ్డ.

"మేడం, గా దినం నేను డ్యూటీ చెయ్యలే. సమ్మెలనే ఉన్న. తాళం పడి లోపట ఇరుక్కున్న. నేను గీతలు కొట్టింది ఆఫీసు రిజిస్టర్‌కు గాదు, సమ్మె సంతకాల రిజిస్టర్‌కు. అందరికేసినట్టే నాకు గూడ గైర్హాజరు వెయ్యుండ్రి."

చైర్‌పర్సన్ మేడం అద్దాలు తీసి టేబుల్ మీద పెట్టి, గసోంటి తాళం కొన్నదెవలమ్మా అని అడిగింది.

"నేనే మేడం. తక్కువ కొటేషన్."

గా కౌన్సిల్‌ల అన్ని పార్టీలోళ్ళు ఒక్కటై ఏ పనీ చెయ్యంగ నేను సూడలే. గా దినం ఒక్కటై నవ్విండ్రు. మేడం గూడ నవ్వింది. నవ్వు ఆగినంక నిమ్మళంగ అన్నది: "హాజరు వెయ్యుమని నా కాడికి మస్తు మంది అచ్చిండ్రు. గైర్హాజరు వెయ్యుమని అడిగింది నువ్వొక్కదానివే. రాయుండ్రి."

మెప్పు కాయితం వాపస్ పంపాలని తీర్మానమైంది. తాళం కొన్నందుకు నాకు మెమో ఇయ్యాలని గూడ అదే తీర్మానంల కింద రాసిండ్రు. మీటింగు ఒడిసినంక రాజేశం సారు చాయ్ గ్లాసు తనే తెచ్చి నా టేబుల్ మీద పెట్టిండు. తర్వాత ఎప్పుడు టెంటేసినా నా కుర్చీ ముందు వరుసల ఉండేది.

తెలంగాణ అచ్చినంక సంబురాలల్ల ఎవలేం చేసిండ్రో చెప్పుకున్నరు. లాఠీ దెబ్బలు తిన్నోళ్ళున్నరు, జైలుకు పోయినోళ్ళున్నరు. వాళ్ళ ముంగట నాదెంత? అయినా నా సర్వీసు రిజిస్టర్ల గా ఒక్క దినం గైర్హాజరని రాసున్నది సూసుకుంటె నాకు గొప్పగనే ఉంటది. ఆ తర్వాత ఉద్యమంల ఇంకా ఎన్నో దినాలు గైర్హాజరైన, గని నిలవడి అడిగి వేయించుకున్నది గదొక్కటే.

మొన్న రిటైర్మెంటు కాయితాలు తీస్తుంటె గా పేజీ మా బిడ్డకు చూపెట్టి కత అంత చెప్పిన. మెచ్చుకుంటదేమో అని మొఖం దిక్కు సూసిన. పేజీ ఇంకోసారి చదివి అడిగింది: "పొద్దటి సంది సాయంత్రం దాక నువ్వు ఆఫీసు దాటని దినమే నీకు గైర్హాజరు పడ్డదా అమ్మా? మరి హాజరు పడ్డ దినాలల్ల ఎక్కడుంటివి?"

నేను కాయితాలు మలిచి సంచిల పెట్టుకున్న.