చెల్లెలి చేతులు చెప్పిన కబురు

2006లో నేను ఏడో నెల గర్భిణిని. మావారి ఉద్యోగం యూఏఈలోని ఖోర్ ఫక్కాన్ పోర్టులో, కంప్యూటర్ల విభాగంలో. ఇద్దరం అక్కడే ఉండేవాళ్లం. కడపలో ఉన్న మా చెల్లెలికి పుట్టుచెముడు, మాటలు రావు. అందుకే ప్రతి శుక్రవారం తను నెట్ సెంటర్‌కు వెళ్లేది. వెబ్‌క్యామ్‌లో చేతులతోనే కబుర్లు చెప్పుకొనేవాళ్లం.

ఒకరోజు విండోస్, లైనక్స్ రెండూ ఉన్న మా కంప్యూటర్ నల్లటి తెర దగ్గరే ఆగిపోయింది. "హార్డ్‌డిస్క్ పోయింది, కొత్తది తెద్దాంలే" అన్నారు మావారు. వారాలు గడిచినా తేలేదు. కడపకు ఫోన్ చేసి మా తమ్ముడిని పిలవమంటే, ఊరెళ్లాడని ఇంట్లో చెప్పేవారు.

ఆయన డ్యూటీలో ఉన్న ఒక శుక్రవారం, స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పే పక్క ఫ్లాట్ సల్మా ఆపాను పిలిచాను. ఆమె సీడీ పెట్టి చూసి, "డిస్క్ మంచిగనే ఉంది. రెండిట్ల ఏది తెరవాల్నో అడిగే బూట్‌లోడర్ ఖరాబైంది, అంతే. చిన్న పని. మీ ఆయనకు రాదా ఇది?" అంటూ సరిచేసింది.

చాట్ తెరవగానే చెల్లెలు కనిపించింది. నన్ను చూసి ఏడ్చింది. మీసం దువ్వినట్టు చూపించింది. అది మా తమ్ముడి గుర్తు. తర్వాత చెంప కింద చేతులు పెట్టి కళ్లు మూసింది. నిద్రపోయాడా అని అడిగాను. కాదన్నట్టు తలూపి, వేలు పైకి చూపించింది.

సాయంత్రం మావారు వెలుగుతున్న తెర చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. "బైక్ యాక్సిడెంట్. కాన్పయ్యాక చెబుదామని అందరం అనుకున్నాం. బూట్‌లోడర్ చెరిపింది నేనే" అన్నారు.

నా మేలు కోరే దాచారని తెలుసు. కానీ వాళ్లంతా తమ్ముడి కోసం ఏడుస్తున్న రోజుల్లో, నేను వాడికి పంపడానికి చొక్కాలు ఏరుతున్నాను.