తూర్పు ముఖం కుర్చీ మీద వేలాడే దీపం

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. నేను చెప్పిన ప్రతి అంకెనీ మా ఆవిడ సగం చేసి, అందులోంచి మళ్ళీ పావు కోసి, ఆ మిగిలింది నమ్ముతుంది. మీరూ అలాగే చేసుకోండి. పగ విషయంలో మాత్రం ఏమీ కోయకండి. అది తూకానికి సరిపోయే సరుకు.

పగ మా తోడల్లుడి మీద. అంటే మా ఆవిడ అక్క భర్త. కర్నూలు మనిషి, ఏడడుగుల పొడుగు. మాదాపూర్‌లో బండలు పేల్చి ఆఫీసు భవనాలు లేపుతున్న రోజులవి. ఆ ఆఫీసులకి ఫాల్స్ సీలింగులు వేయించే పని ఆయనది. నేను సర్వే ఆఫీసులో పటాలు గీసుకుంటూ, లింగంపల్లి దగ్గర రెండు గదులూ ఒక హాలూ ఉన్న ఫ్లాటు ఒకటి కొన్నాను. గృహప్రవేశానికి వారం ముందు, నేను ఆఫీసులో ఉండగా ఆయన మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి, మా హాలుకి ఫాల్స్ సీలింగు బిగించి, దానికి పదహారు గుండ్రటి కన్నాలు కోసి, కన్నానికో లైటు పాతేసి వెళ్ళాడు. ఏదో ఆఫీసులో మిగిలిన సరుకట. మాకు కానుకట.

ఆ లైట్లు వేస్తే హాలు ఇడ్లీపాత్ర అయ్యేది. పదహారు వెలుగులూ కూడబలుక్కుని నా బట్టతల మీదే పడేవి. ఎదురుగా కూర్చున్నవాళ్ళు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేవాళ్ళు. కన్నాల అంచుల్లో వెచ్చగా ఉందని బల్లులు కాపురాలు పెట్టి, పిల్లల్ని కని, మనవల్ని ఎత్తాయి. ఇదంతా భరించాను.

భరించలేనిది వేరే ఉంది. గృహప్రవేశం నాడు రెండువందలమంది చూస్తుండగా ఆయన స్విచ్చు మీద చెయ్యేసి నిలబడ్డాడు.

"చూస్కోండప్పా! ఇల్లు కొన్న్యాది మా తమ్ముడు. వెలుగిచ్చినోణ్ణి నేను!"

చప్పట్లు. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా, చెప్పులు విప్పకముందే, "ఏమప్పా, ఎట్లుండాయి నా లైట్లు?" అని తల వెనక్కి వాల్చి సీలింగు వంక చూసేవాడు. మా ఇంటికొచ్చి మా ముఖాలు చూసిన పాపాన పోలేదు. నాకు ఒకటే కోరిక మిగిలింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నా ఇంట్లో ఆ తల కిందికి వంగాలి.

ఉపాయం అబిడ్స్‌లో దొరికింది. ఒక హోటల్లో టీ తాగి లేవబోతే, బల్ల మీదికి వేలాడదీసిన దీపం నా నుదుటికి కొట్టుకుంది. నొప్పి పుట్టేలోపే ఉపాయం పుట్టింది.

మర్నాడు ఆఫీసులో ట్రేసింగ్ పేపరు పరిచి మా హాలు పటం గీశాను. జిల్లా పటానికి కూడా అంత శ్రద్ధ పెట్టి ఎరగను. ఇంటి పెద్దల్లుణ్ణి తూర్పు ముఖంగా కూర్చోబెట్టి వడ్డించడం మా అత్తవారి ఆనవాయితీ. మా భోజనాల బల్లకి తూర్పు ముఖం కుర్చీ ఒక్కటే. అది ఆయనది. ఆయన రాని రోజుల్లో దాని మీద ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టలుంటాయి. ఆ కుర్చీ వెనక గోడ, కాబట్టి వెనక్కి జరగదు. లేవాలంటే ముందుకు వంగి లేవాలి. ఆ ముందు ఎక్కడ, నేల నుంచి ఎంత ఎత్తున ఆయన నుదురు వస్తుందో లెక్కగట్టి, అక్కడ ఎర్రసిరాతో చుక్క పెట్టాను.

ట్రూప్ బజార్ వెళ్ళి వేలాడే దీపాలు మూడు కొన్నాను. రాగిరంగు రేకు బుడ్లు, ఒక్కోటి గుమ్మడికాయంత. కొత్త టవర్లలో వైరింగు పనిచేసే పాలమూరు ఎలక్ట్రీషియన్ ఒకాయన, నా ఈడువాడే, సెలవు రోజు చూసుకుని వచ్చాడు. సీలింగు వంక చూసి పెదవి విరిచాడు.

"గీ లైట్లు మంచిగనే ఉన్నయ్ గద సార్. పీకుడెందుకు?"

"పగ."

"లైట్ల మీదనా?"

"పెట్టించినాయన మీద. మా తోడల్లుడు."

ఆయన చేతిలోని టెస్టరు జేబులో పెట్టుకుని నన్ను తేరిపార చూశాడు.

"సడ్డకుడా? గట్ల చెప్పున్రి మరి! నాకూ ఉన్నడొకడు. ఇగ మీరు ఫికర్ చెయ్యకున్రి."

అప్పట్నించీ అది కూలిపని కాదు, ధర్మకార్యం. ఒక్కో లైటునీ కన్నంలోంచి లాగి, వైరు కత్తిరించి, నా చేతిలో పెడుతూ ఎవరినో తిట్టుకున్నాడు. నావాణ్ణో ఆయనవాణ్ణో తెలీలేదు. కన్నాలకి ముక్కలు కోసి అతికించి ప్లాస్టరు పూశాడు. సీలింగు రేకుకి తగిలిస్తే దీపం ఊడిపడుతుందని, రేకు దాటి పైనున్న స్లాబుకే రంధ్రం వేసి కొక్కేలు దిగ్గొట్టాడు. రెండు దీపాలు మర్యాదైన ఎత్తులో కట్టి, మూడోదానికి నా పటంలోని ఎర్రచుక్క దగ్గర ఆగాడు.

"సార్, గింత కిందికైతే మీ తలకాయకు గూడ తగుల్తది."

"ఆ కుర్చీలో నేను కూర్చోను."

"మీ సడ్డకుడు ఎంత పొడుగుంటడు?"

చెయ్యెత్తి చూపించాను. ఆయన టేపు లాగి నా చేతి ఎత్తు కొలిచాడు.

"అయితే ఇంకో రెండంగుళాలు దించుత. పొడుగోడు లేస్తే జర ఎక్కువ వంగుతడు."

విద్య అంటే అదీ. నా పటానికి అంత దూరం తోచలేదు.

సాయంత్రం మా ఆవిడ వచ్చి మూడు దీపాలనీ మార్చి మార్చి చూసింది.

"ఈడ ఇంత కిందికి పెట్టిచ్చినారేమండీ?"

"ఇప్పుడిదే ఫ్యాషన్. వచ్చే ఆదివారం మీ అక్కనీ బావనీ భోజనానికి పిలువు."

ఆవిడ నా వంక ఒక్క క్షణం వింతగా చూసింది. తర్వాత నవ్వింది. ఏమీ అడగకుండా వెళ్ళి ఫోను చేసి, నాతో సేమ్యా, జీడిపప్పు తెప్పించింది. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆవిడ నా మాటకి ఎదురు ప్రశ్న వేయకపోవడం అదే మొదలు. అప్పుడే అనుమానించాల్సింది.

ఆదివారం వచ్చారు. ఆయన చెప్పులు విప్పకముందే అలవాటుగా తల వెనక్కి వాల్చాడు. నోరు తెరిచాడు. పైన లైట్లు లేవు. పాత సున్నం మధ్య పదహారు తెల్లటి పట్టీలు. నోరు మూసుకున్నాడు. ఆ మూసుకోవడాన్ని నేను పాయసంలా జుర్రుకున్నాను. ఇక మిగిలింది కుర్చీ.

అంతలో మా వదినగారు సంచిలోంచి కుంకుమ భరిణె, పంచెల చాపు, పట్టుచీర తీసింది.

"మొదట బట్టలు పెడ్తాం. తర్వాతే భోజనాలు. పెళ్ళిరోజు గదా!"

ఎవరి పెళ్ళిరోజు అని అడగబోయి మా ఆవిడ ముఖం చూశాను. తలలో పూలున్నాయి. కొత్త గాజులున్నాయి. నా నోరూ మూసుకుంది.

"మర్చిపోయినారేమో అనుకున్యా అక్కా," అంటోంది మా ఆవిడ. "దీపాలు మార్చి, మిమ్మల్ని పిలిపిచ్చి, నాకొక్క మాట చెప్పల్యా ఈయన!"

మా తోడల్లుడు మళ్ళీ సీలింగు చూశాడు, ఈసారి మెల్లగా. "ఔనా తమ్ముడూ? దానికా తీసేసింది? నాకెన్నడూ ఇట్లాటిది తోచల్యాదప్పా." ఆ మాటలో వెతికి చూశాను, ఎక్కడా వెటకారం దొరకలేదు.

బట్టలు పెట్టించుకునేవాళ్ళు తూర్పు ముఖంగా కూర్చోవాలి. ఆయనే బల్లని ఒక్క చేత్తో వంటింటి వైపు లాగేశాడు. తూర్పు ముఖం కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి మా ఆవిడని కూర్చోబెట్టాడు. నన్ను రెండు భుజాలూ పట్టి ఆ కుర్చీలో, నా ఎర్రచుక్క కింద, ప్రతిష్ఠ చేశాడు. వదినగారు బొట్టు పెట్టింది. బట్టలు నా చేతుల్లో పెట్టారు. ఇచ్చింది పెద్దవాళ్ళు, పుచ్చుకుంది చిన్నవాళ్ళం. లేచి దండం పెట్టాలి.

వంగి లేచాను.

ఆ మోత గచ్చిబౌలి దాకా వినబడి ఉంటుంది. బట్టలు ఒకవైపు, నేను ఒకవైపు. కళ్ళు తెరిచేసరికి నా ముక్కు ముందు ఆయన పాదాలున్నాయి. అంత సంపూర్ణమైన సాష్టాంగం మా వంశంలో ఎవరూ పెట్టి ఉండరు.

"లెయ్యప్పా, లెయ్! ఏమాయ? రక్తమొచ్చినాదా?" అంటూ ఆయన దీపం కింద నడుం విరిగేలా వంగి, నా రెండు చంకల్లో చేతులు వేసి లేపాడు. తల వంచాడు! నా ఇంట్లో, నా దీపం కింద, నేను కోరుకున్న చోటనే. కానీ నా కళ్ళ ముందు చుక్కలు తిరుగుతుంటే సరిగ్గా చూసుకోనే లేదు.

బల్ల మళ్ళీ తన చోటికి, ఆయన తన కుర్చీలోకి చేరాక, నుదుటి మీద నిమ్మకాయంత బొప్పితో ఎదురుగా కూర్చుని భోంచేశాను. ఆయన మాత్రం ఆ కుర్చీలోంచి పక్కకి జరిగి, శుభ్రంగా లేచాడు.

"ఈ దీపం రోంత పైకి కట్టిచ్చుకో తమ్ముడూ," అన్నాడు.

కట్టించుకోలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ ఆయన అక్కడికి రాగానే తల వంచుకుని నడుస్తాడు. వంచుకునే అడుగుతాడు: "ఎట్లుండాది తమ్ముడూ, నీ లైటు?"

ఇక కల్పించింది ఏదో చెప్పాలి. ఏడడుగులూ, గుమ్మడికాయలూ, గచ్చిబౌలీ కల్పన కావు, పెంపకం. బొప్పి అక్షరాలా నిజం. కల్పించింది ఒకటే. గృహప్రవేశం నాడు ఆయన స్విచ్చు దగ్గర నిలబడి అందరిముందూ ఆ మాట అనలేదు. వంటింటి గుమ్మం దగ్గర, చేతిలో మజ్జిగ గ్లాసుతో, నా ఒక్కడితోనే, నవ్వుతూ అన్నాడు. రెండువందలమందినీ, వాళ్ళ చప్పట్లనీ తర్వాత నేనే పోగుచేసుకున్నాను.

అయినా సరే, దీపాన్ని అంగుళం కూడా ఎత్తించను. అన్నాడా, లేదా? అన్నాడు.